టిక్కు టిక్కుమంటే ముట్టుకోకండి

కిందటి బతుకమ్మ పండుగకు ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉందండీ, ఎందుకంటే తప్పంతా నాదే. అయినా చెబుతున్నాను. మీలో చాలామంది ఇళ్లలో టీవీ పక్కనో, బీరువాలో చీరల కిందో అలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది.

మా అత్తమ్మ బతుకమ్మ పాటలు ఎత్తుకుంటే ఆదిలాబాద్‌లో మా వాడకట్టంతా ఆమె వెనకే పాడేది. చదువు లేదు, పుస్తకం లేదు, అన్నీ నోటికే వచ్చు. 2014లో ఒకరోజు వంటింటి గడప మీద కూర్చుని పాడుతుంటే మా అమ్మాయి ఫోన్‌లో మూడు పాటలు రికార్డు చేసింది. 2019లో అత్తమ్మ పోయింది. ఆ మూడు పాటలు, మా పెళ్లి క్యాసెట్ నుంచి ఎక్కించుకున్న వీడియో, పిల్లల చిన్ననాటి ఫోటోలు, పాసుపుస్తకాల కాపీలు, అన్నీ అరచేతిలో పట్టే ఒక నల్ల డబ్బాలోకి చేరాయి. దాన్నే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అంటారు. "అన్నీ అందులో భద్రంగా ఉన్నాయి కదా" అని ఫోన్లో ఉన్నవి చెరిపేశాం. మొదటి పొరపాటు అక్కడే జరిగింది, కానీ అప్పుడెవరికి తెలుసు?

పండుగ ముందు ఇల్లు దులపడం మనకు తప్పదు కదా! అమ్మాయి ల్యాప్‌టాప్‌కు ఆ డబ్బా తగిలించి, నాయనమ్మ పాట ఫోన్లోకి ఎక్కించుకుంటానని కూర్చుంది. నేను టీవీ స్టాండ్ కింద చీపురు పెట్టాను. వైరు చీపురుకు చిక్కింది, డబ్బా బండల మీద పడింది. రెండడుగుల ఎత్తు కూడా ఉండదు. స్టీలు గిన్నె పడితే సొట్టయినా పడుతుంది, దీనికి పైన గీత కూడా లేదు. "ఏం కాలేదులే" అని మళ్లీ తగిలించాం. లోపల నుంచి సన్నగా టిక్, టిక్, టిక్ అని చప్పుడు!

ఇక చూడండి మా తెలివి. పీకి పెట్టాం, మళ్లీ పీకి పెట్టాం. ఓ ఇరవై సార్లు పెట్టి ఉంటాం. మా వారు పాత టీవీని కొట్టినట్టు డబ్బాను అరచేత్తో రెండు దెబ్బలు వేశారు. పక్కింటావిడ వచ్చి, "ఫ్రీజర్ల ఓ రాత్రి పెడితే మంచిగైతదట అక్కా, మా తమ్ముడు చెప్పిండు" అంది. నేను నిజంగానే ప్లాస్టిక్ కవర్ వెతికాను. ఇంతలో కరీంనగర్ నుంచి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. కంప్యూటర్ల పని చేస్తాడు. చప్పుడు సంగతి విన్నాడో లేదో, "పెద్దమ్మా, ఇగ దాన్ని ముట్టకు. వైరు తీసెయ్యి. మళ్ల మళ్ల పెడితే ఉన్నది గూడ పోతది" అని గట్టిగా అరిచినంత పని చేశాడు.

ఎందుకలా అన్నాడో తర్వాత విడమరిచి చెప్పాడు. ఆ డబ్బాలో అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలు ఉంటాయి, గాజువో అల్యూమినియంవో. ఇలాంటి చిన్న డిస్కుల్లో చాలావాటిలో అవి నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. మన సీలింగ్ ఫ్యాన్ మూడు నాలుగు వందల సార్లు తిరిగితేనే గాలి ఆడుతుంది, పోల్చుకోండి! ఆ పళ్లెం మీద ఉన్నదాన్ని చదవడానికి సన్నటి చెయ్యిలాంటిది ఒకటి ఉంటుంది. దాని కొనను హెడ్ అంటారు. పాత గ్రామఫోను ముల్లులా పళ్లేన్ని తాకదు, పైన గాలిలో తేలుతుంది. మధ్య ఖాళీ మన తల వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు. తిరుగుతున్నప్పుడు డబ్బా పడితే ఆ హెడ్ పళ్లేన్ని కొట్టుకుంటుంది, వంగుతుంది. తర్వాత చదవబోయి చదవలేక వెనక్కి పోయి మళ్లీ వస్తుంది. టిక్కు టిక్కు అన్నది ఆ చప్పుడే. వంగిన హెడ్ తోనే మళ్లీ తిప్పితే పళ్లెం మీది పూత గీసుకుపోతుంది. ఆ పూతలోనే మన ఫోటో, మన పాట ఉన్నాయి. నాన్‌స్టిక్ పెనాన్ని ఇనుప అట్లకాడతో గీకినట్టన్న మాట. పోయిన పూత ఎవ్వరూ తేలేరు.

ఫ్రీజర్ సంగతి కూడా అడిగాను. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టదా? అదే చెమట పళ్లేల మీద పడితే ఇంకేముంది! ఇంట్లో స్క్రూలు విప్పి చూడటం అంతకంటే చేటు. మన కంటికి కనిపించని దుమ్ము రేణువు కూడా ఆ ఖాళీ కంటే పెద్దది. అందుకే ఇలాంటివి దుమ్ము చొరని గదుల్లోనే విప్పుతారు.

ఇదంతా విని నేను ఏడుపు ఒక్కటే తక్కువ. అప్పుడు వాడొక కథ చెప్పాడు, కథ కాదు, జరిగిందే. మన కల్పనా చావ్లా ఉన్న కొలంబియా నౌక 2003 ఫిబ్రవరి 1న ఆకాశంలోనే ముక్కలైపోయింది కదా. అందులో ఒక ప్రయోగం లెక్కలు దాచిన హార్డ్ డిస్క్ టెక్సస్‌లో ఎండిపోయిన చెరువులో దొరికింది, ఆరు నెలల తర్వాత. పైన కాలిపోయి బొగ్గులా ఉంది, లోపలికి మట్టి చేరింది. క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థలో ఇంజనీరు దాని పళ్లేలను శుభ్రం చేసి, వేరే డిస్క్‌లో అమర్చి, నూటికి తొంభైతొమ్మిది పాళ్ల సమాచారం తీశాడు. ఆ ప్రయోగం ఫలితాలు 2008లో అచ్చయ్యాయి కూడా. పైదంతా కాలిపోయినా, సమాచారం ఉన్నచోట పళ్లేల మీద గీత పడలేదు. అందుకే వచ్చింది. ఆకాశం నుంచి పడ్డదాంట్లోంచి వచ్చిందని ఆశ పడ్డాను. టీవీ స్టాండ్ మీది నుంచి పడ్డదాన్ని ఇరవై సార్లు తిప్పింది నేనే కదా అని గుండె గుభేలుమంది.

అన్ని డిస్కులూ కింద పడే చెడిపోవు లెండి. కొన్ని ముసలివై మెల్లగా మొరాయిస్తాయి. ఫోల్డర్ తెరవడానికి పది నిమిషాలు పడుతుంది, ఫోటో సగమే కనిపిస్తుంది, డిస్క్ కనబడి మాయమవుతుంది. చప్పుడేమీ లేకుండా ఇలా చేస్తుంటే ముందు వేరే కేబుల్ పెట్టి చూడండి. ఒక్కోసారి దోషం ఆ వైరుదే అయి ఉంటుంది! వైరు మార్చినా అంతే అయితే, డిస్క్‌ను కదలని బల్ల మీద పెట్టి, అన్నింటికంటే విలువైనవాటిని ముందు వేరేచోటికి కాపీ చేసుకోండి. సినిమాలు, సీరియళ్లు తర్వాత సంగతి. మొత్తం ఒకేసారి పట్టుకుని లాగొద్దు. కంప్యూటర్ "ఫార్మాట్ చేయమంటారా?" అని మర్యాదగా అడుగుతుంది. ఆ మర్యాదకు మోసపోయి అవునని నొక్కకండి.

మీ చేతకాదనిపిస్తే దుకాణానికి ఇవ్వండి కానీ, ఇచ్చేముందు ఒక్క మాట అడగండి: "ముందు మొత్తం డిస్క్‌కు నకలు తీసి, ఆ నకలు మీద పని చేస్తారా?" అని. అవునంటేనే చేతికివ్వండి. "చెక్ డిస్క్ నడిపిస్తే అదే సర్దుకుంటుంది" అంటే మాత్రం నమస్కారం పెట్టి వచ్చెయ్యండి, చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కు ఆ శ్రమ తట్టదు. నకలు తీయడానికి డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు మనం ఏం చేస్తాం? మంచి గింజల్ని ముందు ఒక పక్కకు లాగేసి, అనుమానమున్నవి చివర్లో చూసుకుంటాం. అదీ అంతే. సులువుగా చదవగలిగింది ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటికి రాదు.

పొరపాటున ఫోటోలు చెరిపేసుకోవడం వేరే సంగతి. అక్కడ డిస్క్ బాగానే ఉంటుంది. చెరిపితే పుస్తకంలో విషయసూచిక మాత్రమే పోతుంది, పేజీలు ఇంకా ఉంటాయి. వాటి మీద కొత్తవి రాయకుండా ఆపేస్తే ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో తీయొచ్చు. తీసినవాటిని వేరే డిస్క్‌లో పెట్టాలి, అదే డిస్క్‌లో పెడితే మనమే మన పేజీ మీద గీసుకున్నట్టు. పేర్లు, తేదీల వరుస రావు, అన్నీ కలగలిసి వస్తాయి, తీరిగ్గా సర్దుకోవాలి. ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కుల్లో మాత్రం చెరిపినవి తిరిగి రావడం చాలా కష్టం.

మాది చప్పుడు చేసే కేసు కాబట్టి దుకాణాల్లో కుదరదన్నారు. హైదరాబాద్‌లో అలాంటి పని చేసే చోటికి తీసుకుపోవాలి. ఇక్కణ్నుంచి మూడు వందల కిలోమీటర్లు. పాత నూలు చీరను మడతలు పెట్టి, అందులో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని పోయాం. ఖర్చు ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకున్నాం, ఏమీ రాకపోతే పరీక్ష ఫీజు తప్ప ఇవ్వమని కూడా. ఇంకో మాట. డిస్క్‌లో ఇంటి ఆడపిల్లల ఫోటోలు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. మా వారు మొహమాటపడుతుంటే నేనే అడిగాను, "మావి ఎవరూ దాచుకోరని, చూడరని రాసిస్తారా?" అని. రాసిచ్చారు. ఇందులో సిగ్గుపడేదేమీ లేదండీ, అడగండి. మనదే కదా!

దసరా అయిపోయిన పదిహేను రోజులకు ఫోన్ వచ్చింది. ఓ మంచి పట్టుచీర ధరకు మించే అయింది. పెళ్లి వీడియో సగం వచ్చింది, ఫోటోలు చాలావరకు వచ్చాయి. అత్తమ్మ పాటలు రెండొచ్చాయి. మూడోది ఉన్న చోట పళ్లెం గీసుకుపోయిందట. ఆ గీత పడిందెప్పుడు, బండల మీద పడ్డప్పుడా, నేను పదోసారి తగిలించినప్పుడా? వాళ్లను అడగలేదు.

ఆవకాయ పెట్టినప్పుడు మనం చేసే పని చూడండి. పెద్ద జాడీకి మూత బిగించి అటక మీద పెడతాం, వాడకానికి చిన్న సీసాలోకి తీస్తాం, ఆడబిడ్డ ఇంటికి ఓ డబ్బా పంపుతాం. ఒక జాడీకి బూజు పట్టినా ఏడాదంతా పచ్చడి లేకుండా ఉండం. ఫోటోలకూ అదే చెయ్యాలని మనకెందుకు తోచదో! ఇప్పుడు మా ఇంట్లో కొత్త డిస్క్‌లో ఒకటి, గూగుల్‌లో దాచింది ఒకటి, మా చెల్లెలింట్లో పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉన్నాయి. ఆరు నెలలకోసారి తెరిచి చూస్తాను, పచ్చడి జాడీ మూత తీసి చూసినట్టే. మరీ ముఖ్యమైన ఓ పాతిక ఫోటోలు కాగితం మీద వేయించాను. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే దొర మన మార్లవాయిలో ఉండి తీసిన గోండుల ఫోటోలు లండన్‌లోని సోయాస్ కళాశాలలో ఇవాళ్టికీ భద్రంగా ఉన్నాయి. నిన్న మొన్నటి మా ఫోటోలు సగం పోవడమేమిటని అనిపించింది.

వేరే ఇంట్లో ఒక నకలు ఉండటం ఎంత మేలో పెద్ద పెద్ద కంపెనీలకే ఆలస్యంగా తెలిసింది. అమెరికాలో పిక్సార్ అనే కంపెనీ 1998లో 'టాయ్ స్టోరీ 2' అనే బొమ్మల సినిమా తీస్తుంటే, ఎవరో ఇచ్చిన ఒక్క ఆదేశంతో సినిమా చాలావరకు చెరిగిపోయింది. దాచిన నకలు చూస్తే అదీ సరిగ్గా లేదు. అందులో పనిచేసే గేలిన్ సుస్మాన్ అనే ఆవిడ బిడ్డ పుట్టాక ఇంటి నుంచే పని చేసుకుంటూ, తన ఇంటి కంప్యూటర్లో ఒక నకలు పెట్టుకుంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో ఆఫీసుకు తీసుకుపోయారు. సినిమా బతికింది, 1999లో విడుదలైంది. బాలింత ఇల్లు కాపాడిన సినిమా అన్న మాట!

ఈ కథ విన్నాకే నాకు బుద్ధి వచ్చి, మంచిర్యాలలో ఉన్న మా వదినకు ఫోన్ చేశాను. అత్తమ్మ పాటలు అప్పట్లో నీకెవరైనా పంపారా అని. "ఏమో, పాత ఫోనుల ఉన్నయేమో చూస్త" అంది. ఆ ఫోను గాజుల డబ్బాలో పడి ఉంది, చార్జింగ్ ఎక్కడానికే రెండు రోజులు పట్టింది. రాత్రి పదింటికి నా ఫోన్లో చిన్న చప్పుడైంది. తెరిస్తే మూడో పాట! అందరం చుట్టూ కూర్చుని విన్నాం. మధ్యలో అత్తమ్మ గొంతును మింగేస్తూ కుక్కర్ విజిల్ ఒకటి గట్టిగా వినిపిస్తుంది. ఆరోజు పప్పు పెట్టింది నేనే.