వరద వేళకు రేడియో తీగ

"భద్రాచలానికి ఇవతల, అడవి అంచున కాపురముంటున్నాము. వరద వస్తే కరెంటు పోతుంది, ఫోను పలకదు. మావారు స్కానర్ రేడియో కొని ఇంటిమీద పెద్ద ఏరియల్ కట్టిస్తామంటున్నారు. అత్తగారేమో అది పిడుగుకు పిలుపేనంటున్నారు. ఎవరి మాట వినమంటారు?" అని ఒక సోదరి వ్రాశారు.

ఇద్దరి మాటలోనూ నిజముందమ్మా. ముందు మీవారి సంగతి చూద్దాం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. 2022 జూలైలో 71.3 అడుగులు. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. నీటిమట్టం ఎప్పటికప్పుడు తెలిస్తే బియ్యం బస్తా అటక ఎక్కించాలో, పిల్లలతో బయలుదేరాలో తేల్చుకోవచ్చు. తెలియకపోతే పుకార్లే గతి. కనుక బ్యాటరీతో పలికే రేడియో ఒకటి ఇంట్లో ఉండడం దుబారా కాదు.

అయితే అది స్కానరే కానక్కరలేదు. స్కానర్ అనేది వరసగా అన్ని తావులూ తడుముతూ, మాట వినబడినచోట ఆగే సెట్టు. దానితో పోలీసువారి మాటలూ, అటవీశాఖవారి మాటలూ వినాలని కొందరికి సరదా. అవి మనకోసం చెప్పే మాటలు కావు, చట్టం ఒప్పదు. వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు కావాలని మనదేశంలో 1933లోనే చట్టం చేశారు. పైగా మీది అడవి అంచు. ఇంటిమీద వింత కడ్డీ కనబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. మీవారికి అంత ఆసక్తి ఉంటే పరీక్ష వ్రాసి హామ్ లైసెన్సు తెచ్చుకోమనండి. అది గౌరవమైన దారి, వరదల్లో పదిమందికి పనికివచ్చే దారి కూడాను.

ఇంటికి కావలసింది ఎఫ్.ఎం., మీడియం వేవ్ రెండూ పలికే మామూలు సెట్టు. సెట్టు ఖరీదుకన్నా తీగ ఉన్న చోటు ముఖ్యమని మాత్రం మరువకండి. ఎఫ్.ఎం. తరంగం దాదాపు చూపు పోయినట్టు తిన్నగా పోతుంది. గుట్ట అడ్డమొస్తే సన్నగిల్లుతుంది, వానకు తడిసిన ఆకులు మరికొంత మింగేస్తాయి. మీడియం వేవ్ అలా కాదు, నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం అంత దూరం వినిపించిందంటే కారణం అదే. మీడియం వేవ్‌కు వేరే తీగ తరచు అక్కరలేదు. సెట్టులోనే చిన్న కడ్డీ ఉంటుంది గనుక సెట్టును మెల్లగా తిప్పి, బాగా వినబడేచోట ఆపండి. గుర్రుమంటే ఫోను ఛార్జరు, ఇన్వర్టరు కట్టి చూడండి.

ఎఫ్.ఎం.కు ఏరియల్ ఇంట్లోనే చేసుకోవచ్చు. 300ను మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 100 మెగాహెర్ట్జ్‌కు 3 మీటర్లు. అందులో సగం మనకు కావాలి. దానికన్నా కాస్త తగ్గించాలి. అంటే 71 సెంటీమీటర్ల రాగితీగలు రెండు. కుట్టుపని టేపు సరిపోతుంది. ఎండు వెదురు బద్దమీద వాటిని ఎదురెదురుగా చాపి, మధ్యలో కొద్ది ఎడం ఉంచండి. టీవీ కేబుల్ లోపలి తీగ ఒకదానికి, పై అల్లిక రెండవదానికి కలపాలి. సెట్టు దగ్గర కేబుల్ పెట్టుకునే రంధ్రం లేకపోతే లోపలి తీగను సెట్టు కడ్డీకి క్లిప్పుతో తగిలించండి. మనిషి రెండు చేతులూ చాచి కొత్తగూడెం వైపు ముఖం పెట్టి నిలుచున్నట్టుగా ఆ బద్దను ఉంచితే అక్కడి ఆకాశవాణి మాట బాగా అందుతుంది. ముందు కిటికీలో, తరువాత అటకమీద పెట్టి చూడండి. అక్కడ పలికితే ఇంటిమీదికి ఎక్కే పనే లేదు. కోతుల బెడదా ఉండదు.

ఇక అత్తగారి మాట. బయట ఎత్తుగా నిలిపిన ఇనుప గొట్టం పిడుగుకు దారి కావచ్చు. భూమికి తీగ వేసినా పూర్తి రక్ష కాదు. బయట కట్టక తప్పకపోతే పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు వేయించండి. కరెంటు తీగలకు బహుదూరంగా, గొట్టం విరిగిపడినా వాటికి తగలనంత ఎడంగా ఉండాలి. మబ్బు పట్టగానే, ఉరుము రాకముందే, కేబుల్ ఊడదీయండి. ఉరుములు మొదలైతే దాన్ని ముట్టుకోవద్దు. అప్పుడు సెట్టుకున్న కడ్డీతోనే వినాలి.

ఈ పని జూలై దాకా వాయిదా వేయకండి. శ్రీరామనవమికే కట్టి ఉంచండి. ఆనాడు మీరు గుడికి వెళ్లినా, ఇంట్లో అత్తగారు కల్యాణ వ్యాఖ్యానం రేడియోలో స్పష్టంగా విన్నారంటే వరదకూ అది పనికివస్తుంది. పిడుగని భయపడ్డ ఆవిడే, గోదావరి పొంగిన రాత్రి "రేడియో పెట్టవే అమ్మాయీ" అని మొట్టమొదట అడుగుతారు.