డీజిలా... పెట్రోలా? బరువును అడగండి!

‘డీజిల్ బండి తీసుకో, ఖర్చు కలిసొస్తుంది...’ అమెరికాలో ఉన్న అబ్బాయి ట్రక్కు కొంటానంటే ఇక్కడి నుంచి నాన్న ఇచ్చే సలహా ఇదే. 2014 అక్టోబరు దాకా డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో ఉండేది కాబట్టి మన దగ్గర ఆ లెక్క చెల్లింది. అమెరికాలో చెల్లదు. అక్కడ సాధారణంగా పెట్రోలు కన్నా డీజిలే ప్రియం. ఫెడరల్ పన్ను కూడా గ్యాలన్‌కు పెట్రోలు మీద 18.4 సెంట్లయితే, డీజిల్ మీద 24.4 సెంట్లు.

ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 లాంటి వాటిని అక్కడ హెవీ డ్యూటీ పికప్‌లంటారు. గుర్రాల ట్రైలర్లు, పెద్ద పడవలు లాగడానికి వాడతారు. డీజిల్ ఇంజిన్ కావాలంటే ధర సుమారు పదివేల డాలర్లు పెరుగుతుంది. అది తిరిగొస్తుందా?

ఏడాదికి పదివేల మైళ్లు తిరుగుతారనుకుందాం. గ్యాలన్‌కు పెట్రోలు బండి 12 మైళ్లు, డీజిల్ బండి 16 మైళ్లు ఇస్తాయనుకుందాం. గ్యాలన్ పెట్రోలు 3 డాలర్లు, డీజిల్ 3.60 డాలర్లయితే ఏడాది ఖర్చు 2,500, 2,250 డాలర్లు. మిగిలేది 250! పదివేలు రాబట్టాలంటే నలభై ఏళ్లు. తిరిగి అమ్మేటప్పుడు డీజిల్ బండికి మంచి ధర పలుకుతుంది, నిజమే. కానీ ఇంధన ఫిల్టర్లకీ, పొగను శుద్ధి చేసే యూరియా ద్రవానికీ అదనపు ఖర్చుంటుంది.

మరి డీజిల్ ఎందుకంటారా? బరువు కోసం. 2020 మోడల్ ఎఫ్-250లో 7.3 లీటర్ల పెట్రోలు ఇంజిన్ టార్క్ 475 పౌండ్-అడుగులు. 6.7 లీటర్ల డీజిల్‌ది 1,050. డెన్వర్ నుంచి పడమటికి వెళ్లే హైవే మీద ఐసన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంటుంది. అక్కడ గాలి పలచన. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. టర్బో డీజిల్ గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది కాబట్టి అంతగా నీరసించదు. దిగేటప్పుడు వెనక నుంచి నాలుగైదు టన్నులు తోస్తుంటే, బ్రేకులు కాగిపోకుండా ఎగ్జాస్ట్ బ్రేక్ ఆదుకుంటుంది. అప్పుడు లెక్క డాలర్లది కాదు, బండిలో ఉన్నవాళ్ల ప్రాణాలది.

అదే బండిని పిల్లల్ని బడిలో దింపడానికీ, సరుకులు తేవడానికీ వాడితే? పొగ గొట్టంలోని ఫిల్టర్‌లో చేరే మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కాలి. రెండు మైళ్ల ప్రయాణాల్లో ఆ వేడి పుట్టదు, మసి పేరుకుపోతుంది. గడ్డకట్టే చలిలో డీజిల్‌లోని మైనం గట్టిపడి ఇంధన ఫిల్టర్ మూసుకుపోయే ప్రమాదమూ ఉంది.

కాబట్టి షోరూముకు వెళ్లేముందు ఇంట్లో కేలండర్ తీయండి. ఏడాదిలో బండి వెనక ట్రైలర్ ఉండే రోజులెన్నో లెక్కపెట్టండి. వారం వారం దూరాలు, కొండదారులు అయితే డీజిల్. వేసవిలో రెండుసార్లు పడవ లాగడానికైతే పెట్రోలు చాలు. ఆ పదివేలు పిల్లల చదువుకు పనికొస్తాయి.