ఓటు పాలేరుతనం కాదు

ఈ మధ్య మేము కూలిపేటల్లో ఎక్కడ మీటింగు పెట్టినా ఒకే ప్రశ్న ఎదురవుతోంది. ఖమ్మం జిల్లాలో ఒక ఊళ్లో నాట్ల పని ముగించుకొని వచ్చి వేపచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దమ్మ మమ్మల్ని సూటిగా అడిగింది: "మా అత్త చెయ్యి గుర్తుకే వేసింది. నేనూ దానికే వేశాను. నా కోడలూ దానికే వేసింది. ఇస్తామన్నది అందరికీ రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే పార్టీకి ఎదురు తిరుగుతున్నావా అంటున్నారు. ఏం చెయ్యమంటారయ్యా?"

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు, ఆ ఒక్క పార్టీకి సంబంధించిందీ కాదు. సైకిలు గుర్తును ఇంటి గుర్తుగా చూసుకునే కుటుంబాల్లోనూ, కారు గుర్తుకు జెండా మోసిన వాళ్లలోనూ, ఫ్యాను గుర్తుకు ఓటేసిన వాళ్లలోనూ ఇదే మథనం. తన పార్టీ చేసింది నచ్చని పేదవాడు ఆ పార్టీనే పట్టుకొని ఉండాలా, వదిలిపెట్టాలా? ఈ విషయంలో మాకు తోచింది దాపరికం లేకుండా చెప్పదలిచాం.

ముందుగా ఒక మాట. పేదల ఓటు విశ్వాసాన్ని అజ్ఞానమని ఎగతాళి చేసే పెద్దమనుషులతో మేము ఏకీభవించం. ఆ విశ్వాసం ఊరికే పుట్టలేదు. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఇళ్ల స్థలాల పట్టాలు చేతికందాయి. 1977లో ఉత్తర భారతమంతా కాంగ్రెసును ఊడ్చేస్తే మన రాష్ట్రం 42 లోక్‌సభ స్థానాలలో 41 ఆ పార్టీకే ఇచ్చిందంటే, దాని వెనక కూలిపేటల ఓటు ఉంది. ఆ తర్వాత 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం మాట చెప్పిన తెలుగుదేశం వైపు లక్షలాది పేద కుటుంబాలు తిరిగాయి. కడుపు నింపిన చేతిని మరవకపోవడం తప్పేమీ కాదు.

అయితే ఆ కథలో రెండో సగం కూడా గుర్తుంచుకోవాలి. భూపరిమితి చట్టం చేసిన పార్టీలోనే ఆ చట్టానికి గండి కొట్టిన భూస్వాములు ఉన్నారు. బంధువుల పేర, బినామీల పేర భూములు రాయించుకున్నారు. చట్టం చూసి ఓటేసిన కూలీ, చట్టాన్ని మింగిన పెత్తందారు ఒకే జెండా కింద నిలబడ్డారు. ఎన్నికలయ్యాక ఆ జెండా కర్ర ఎవరి చేతిలో ఉందో మనకు తెలియనిది కాదు.

ఇక దగ్గరి లెక్క చూద్దాం. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైంది. పట్టా ఉన్నవాడికి, ఎన్ని ఎకరాలుంటే అన్ని ఎకరాలకూ డబ్బు పడింది. దున్నేవాడు కౌలుదారు అయితే అతనికి పైసా లేదు. 2023 ఎన్నికల్లో కాంగ్రెసు ఆ తప్పు సరిదిద్దుతామంది. రైతుకూ కౌలుదారుకూ ఎకరాకు ఏడాదికి 15,000 రూపాయలు, వ్యవసాయ కూలీకి 12,000 ఇస్తామంది. 2025 జనవరిలో అమలు మొదలైనప్పుడు ఎకరాకు 15,000 కాస్తా 12,000 అయింది. కౌలుదారుకు చోటు దక్కలేదు. కూలీలకు ఇచ్చే 12,000 భూమి లేని కుటుంబానికే, అదీ ఉపాధి పనికి ముందటి ఏడాది కనీసం 20 రోజులు వెళ్లిన కుటుంబానికే అన్నారు. గుంట భూమి ఉన్నందుకు కూలీ కాకుండాపోయిన వాళ్లు, పొలం పనికే పోయి ఉపాధి పనికి పోనివాళ్లు జాబితా బయట ఉండిపోయారు. కూలీని ఒక మనిషిగా లెక్కపెట్టి డబ్బు వెయ్యడం కొత్త సంగతే, దాన్ని మేము కాదనం. కానీ చెప్పినదానికీ చేసినదానికీ మధ్య ఉన్న గండిలో పడ్డది ఎవరు? ఎప్పుడూ ఆ పార్టీకే వేసే కౌలుదారు, కూలీ.

ఎందుకిలా జరుగుతుంది? దీని మర్మం మన నాట్ల ముఠా ఆడవాళ్లకు తెలిసినంతగా పట్నం పండితులకు తెలియదు. ముఠా గుత్తకు నాటు పట్టేటప్పుడు ఏం చేస్తారు? గట్టు మీదనే నిలబడి ఎకరానికి ఇంతని తేలుస్తారు. తేలేదాకా ఒక్కరూ మడిలో కాలు పెట్టరు. కాలు బురదలో దిగాక బేరం ఉండదని వాళ్లకు తెలుసు. రైతు మీద కోపం ఉండదు. వచ్చే కారులో అదే రైతు పిలిస్తే మళ్లీ పోతారు, మళ్లీ గట్టు మీద బేరం ఆడతారు. ఇందుకు పూర్తి విరుద్ధం పాలేరుతనం. ఉగాదికి ఏడాది జీతానికి కుదిరినవాడు పని ఎంతని అడగడానికి లేదు, మధ్యలో మానడానికి లేదు. ఈ మనిషి ఎటూ పోడు అని తెలిసిన ఆసామి జీతం పెంచడు. ఈ ఓటు ఎటూ పోదు అని తెలిసిన పార్టీ కూడా అంతే. మనం ఓటును పాలేరుతనం కింద రాసిచ్చాం. గుత్త బేరం కింద పెట్టడం మరిచాం.

"మనం వదిలేస్తే ఇంతకంటే చెడ్డవాడు వస్తాడు గదా" అని అడిగేవాళ్లున్నారు. ఇది తోసిపుచ్చే మాట కాదు. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడు గెలిచే పద్ధతిలో చీలిన ఓటు ఎవరికి లాభమో అందరికీ ఎరుకే. 2020 సెప్టెంబరులో మూడు వ్యవసాయ చట్టాలను పార్లమెంటులో నెగ్గించుకున్న బి.జె.పి.కి, చిల్లర కోపంతో మన ఓటు వేసి రావడం పెనం మీద నుంచి పొయ్యిలో పడటమే. కోపంతో నోటా నొక్కడం వల్లా ఒరిగేదేమీ లేదు. 2013 నుంచి ఆ మీట ఉంది, కానీ నోటాకు ఎన్ని పడ్డా అభ్యర్థులలో ఎక్కువ వచ్చినవాడే ఎమ్మెల్యే. ఇంట్లో కూర్చున్నా అంతే సంగతి.

ఇంకో భయం కూడా ఉంది, పైకి చెప్పుకోనిది. ఓట్ల లెక్క బూతులవారీగా బయటికి వస్తుంది. ఏ పేట ఎటు వేసిందో మర్నాటికే నాయకుడికి తెలుస్తుంది. పింఛను, ఇల్లు, కార్డు ఆగుతాయేమోనని జనం జంకుతారు. బూతుల ఓట్లు కలిపి లెక్కించాలని లా కమిషన్ 2015లోనే సిఫారసు చేసింది. అధికారంలో ఉన్న పార్టీలకు ఆ తొందర ఎందుకుంటుంది? ఒక్క కుటుంబం ఎదురు తిరిగితే కార్డు ఆపగలరు. పేటంతా ఒక్క మాట మీదుంటే ఆపలేరు. భయానికి మందు దాక్కోవడం కాదు, గుంపుగా ఉండటం.

ఇతరులకు చెప్పేముందు మా సంగతి కూడా చెప్పుకోవాలి. ఎర్రజెండా పార్టీలు 1994లో తెలుగుదేశంతో కలిశాయి. విడిపోయాక 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద కదిలిన జనంపై అదే పార్టీ సర్కారు తుపాకులు పేల్చింది. 2004లో కాంగ్రెసుతో కలిసి పోటీ చేశాం. 2007 జులై 28న ముదిగొండలో భూమి అడిగినవాళ్ల మీద ఆ సర్కారు కాల్పులు జరిపింది. 2022లో మునుగోడు ఉప ఎన్నికలో టి.ఆర్.ఎస్.ను బలపరిచాం. 2023 ఆగస్టులో అభ్యర్థుల జాబితా ప్రకటించేనాటికి మన ఊసే లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న!

కానీ బేరం ఫలించిన సందర్భమూ ఉంది. 2004లో ఢిల్లీ సర్కారు దాదాపు 60 మంది వామపక్ష సభ్యుల బయటి మద్దతు మీద నిలబడింది. మంత్రి పదవులు అడగలేదు, పనులు అడిగారు. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది, 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే పథకం మొదలైంది. అడవి హక్కుల చట్టం ఆ ఏడాదే వచ్చింది. 2008లో అణు ఒప్పందం మీద మద్దతు తీసేసి, 2009లో 24 మందికి పడిపోయాం. ఆ వైఖరి తప్పని మేము అనడం లేదు. ఎందుకు బయటికి వచ్చామో కూలిపేటలో ఎంతమందికి అర్థమయ్యేలా చెప్పగలిగాం? బయటికి వచ్చే కారణం జనం నోట ఉండాలి.

పంజాబు రైతులు ఆ పని చేశారు. 2020లో వాళ్ల ఒత్తిడికి అకాలీదళ్ కేంద్రంలో మంత్రి పదవి వదులుకొని ఎన్.డి.ఎ. నుంచి బయటపడింది. 2021 నవంబరులో ఆ చట్టాలు రద్దయ్యాయి. ఆ సంఘాలలో కొన్ని తొందరపడి 2022 ఎన్నికల్లో సొంతంగా పోటీ చేస్తే ఒక్క సీటూ రాలేదు. సంఘం బలం వేరు, ఓట్ల బలం వేరు. మొదటిది కట్టుకున్నాకే రెండోది.

అందుచేత ఆ పెద్దమ్మకు మా జవాబు ఇది. పార్టీకి కట్టుబడి ఉండు అని చెప్పం. అలిగి ఒక్కదానివే బయటికి రా అనీ చెప్పం. ఎన్నికలకు ఏడాది ముందే పేటంతా కూర్చోండి. భూమి యజమాని సంతకంతో పనిలేకుండా కౌలుదారుకు గుర్తింపు, కూలీ జాబితా గ్రామసభలో చదవడం, ఇళ్ల స్థలాలు: మీకు ముఖ్యమైనవి మూడు నాలుగు కాగితం మీద రాయండి. ఓటుకు వచ్చే ప్రతివాడి చేతా ఊరి ముందు జవాబు చెప్పించండి. గెలిచాక ఆరు నెలలకొకసారి ఆ కాగితం తీసి చదవండి. చేసింది చేశారని చెప్పండి, చెయ్యనిది చెయ్యలేదని చెప్పండి. ఉండాలన్నా పోవాలన్నా అందరూ కలిసే తేల్చండి. డబ్బు, మందు తీసుకున్న రోజున ఈ బేరం సగం చచ్చిందని గుర్తుంచుకోండి.

ఈ కొలత మాకు కూడా వర్తిస్తుంది. ఎర్రజెండా పట్టుకొని వచ్చాం కాబట్టి మాకు వెయ్యాలని మేము అడగం. కాగితం తీసి మమ్మల్నీ అడగండి. కట్టుబడి ఉండాల్సింది ఏ గుర్తుకూ కాదు, పక్క మడిలో మనతోపాటు వంగి నాటేసే మనిషికి.