గోడ మీది జనం ఎందుకు మాట్లాడలేదు?

భైంసాల గొడవ ఎట్ల మొదలైతదో వాడవాడకు ఎరుకే. 2008 అక్టోబర్‌ల దుర్గమ్మ నిమజ్జనం ఊరేగింపు కాడ మొదలైంది. రెండు రోజులకు వాటోలిల ఒకే ఇంటోళ్లు ఆరుగురు, పసిపిల్లలతో సహా, మంటలల్ల పోయిన్రు. 2020 జనవరిల ఇంకా అల్కటి సంగతి: సైలెన్సర్ పీకేసిన బండ్ల చప్పుడు. దానికే ఇండ్లు తగులబడ్డయి. 2021 మార్చిల మళ్లీ గొడవ. కర్ఫ్యూ పడితే కూలి పోయేది ఎవరికో, పత్తి మార్కెట్ల హమాలీ పని ఆగేది ఎవరికో చెప్పనక్కర లేదు.

అందుకే రెచ్చగొట్టినప్పుడు ఏం చెయ్యాలె అన్నది మనకు ఆదివారం ప్రసంగం ముచ్చట కాదు. వాడల పిల్లలు "మాట పడి ఊకోవాలెనా?" అంటరు. పాస్టరయ్య రెండో చెంప వాక్యం ఎత్తుతడు. ఇద్దరూ బైబిల్‌ను సగమే చదివిన్రని నా అభిప్రాయం.

రెండో రాజుల గ్రంథం 18వ అధ్యాయం తీయుండ్రి. క్రీ.పూ. 701ల అష్షూరు రాజు సన్హెరీబు యూదా పట్నాలు ఒక్కొక్కటి పట్టుకుంట వచ్చిండు. ఆయన మనిషి రబ్షాకే యెరూషలేము గోడ కింద నిలబడి తిట్టుడు మొదలుపెట్టిండు. జనానికి తెలువని భాషల మాట్లాడుమని హిజ్కియా రాజు పంపిన పెద్దమనుషులు అడిగిన్రు. వాడు ఇంకింత గొంతు పెంచి యూదుల భాషలనే అరిచిండు. వాని గురి పెద్దమనుషుల మీద లేదు, గోడ మీద కూసున్న మామూలు జనం మీద ఉన్నది. ఒక్కడు జవాబిస్తే బేరం మొదలైతది. ఒక్కడు రాయి విసిరితే సాకు దొరుకుతది. జనం ఒక్క మాట మాట్లాడలేదు, ఎందుకంటే జవాబియ్యొద్దని రాజు ముందే చెప్పి ఉంచిండు.

మన పాస్టర్లు ఇక్కడిదాకా చెప్పి ఆమెన్ అంటరు. మిగతా కథ ఎవరు చెప్పాలె? హిజ్కియా ఊరి బయటి ఊటలు పూడ్పించిండు, గోడలు గట్టి చేయించిండు, నీళ్లు లోపలికి రానీకె కొండను తొలిపించిండు. ఆ సొరంగం అర కిలోమీటరు పైనే ఉంటది, ఇప్పటికీ జనం అందుల నడుస్తరు. తిట్లు విన్న పెద్దమనుషులు బట్టలు చింపుకొని రాజు కాడికి పోయి ఆ మాటలన్నీ అప్పజెప్పిన్రు. నోరు కట్టుకున్నోళ్లు కొందరు, మాట మోసినోళ్లు కొందరు, నీళ్లు చూసినోళ్లు కొందరు. ఊరంతా పని పంచుకున్నది.

అపొస్తలుల కార్యములు 16 కూడా చూడుండ్రి. ఫిలిప్పీల పౌలును, సీలను విచారణ లేకుండ బెత్తాలతోని కొట్టి జైల్లేసిన్రు. ఆ రాత్రి వాళ్లు ఎదురు తిరగలేదు. తెల్లారి అధికారులు సప్పుడు గాకుండ పొమ్మని కబురు పంపితే మాత్రం పౌలు కదలలేదు. రోమా పౌరులను బజార్ల కొట్టి చాటుగ పంపుతరా, వాళ్లే వచ్చి తోలుకపోవాలె అన్నడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలిన్రు. ఠాణల "రాజీ పడి ఇంటికి పోండ్రి" అన్నప్పుడు యాదికి రావాల్సిన అధ్యాయం ఇది. మందిరాలల్ల దీన్ని ఎందుకు చదవరో!

బైబిల్ పట్టనోళ్లకు మహద్ ఉన్నది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితోని చవదార్ చెరువు నీళ్లు తాగిండు. అంటరానోళ్లు గుడిల జొరబడుతరని పుకారు లేపి, అన్నం తింటున్న మనోళ్ల మీద కట్టెలతోని పడ్డరు. తిరిగి కొట్టనీకె మనోళ్లు సిద్ధంగనే ఉండిరి. అంబేడ్కర్ వద్దన్నడు. కేసు పెట్టిన్రు, కొట్టినోళ్లకు శిక్ష పడ్డది. చెరువు కేసు పదేండ్లు నడిచి 1937ల బొంబాయి హైకోర్టుల మన దిక్కే తేలింది.

అట్లని అన్నిటికీ ఊకునుడు కాదు. 1985 జూలైల కారంచేడుల తాగే చెరువు ఖరాబు చెయ్యొద్దన్నందుకు కొట్టొస్తే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలిచింది. తెల్లారి ఆరుగురు దళితులను చంపిన్రు. ఆమె ఊకుంటే పోతుండె అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. తిట్టు వేరు, నీళ్లు వేరు. కూలి, భూమి, ఆడబిడ్డల మానం కాడ నోరు మూసుకొమ్మని హిజ్కియా చెప్పలేదు. ఆయన ముందుగాల కాపాడింది నీళ్లనే.

తిట్టు కాడ మాత్రం చెయ్యి లేపితే నష్టం మనకే. ఎదురు కేసు పడుతది, ఆ తర్వాత రాజీ బేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989ది. 2015 సవరణ తర్వాత 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద నలుగురి కండ్ల ముందట అవమానించుడు, కులం పేరుతోని తిట్టుడు నేరాలు. విన్నోళ్లు సాక్షులు కావాలె. ముందు విచారణ చేసినంకనే ఎఫ్‌ఐఆర్ అని ఠాణల అంటే 18ఎ సెక్షన్ చూపుండ్రి. ఎఫ్‌ఐఆర్ నకలు పైసలు లేకుండ ఇయ్యాలె.

ఇక్కడ ఒక కష్టం ఉన్నది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను ఎస్సీలు కాదన్నది. ఒక పాస్టర్ పెట్టిన కేసుల ఈ చట్టం వర్తించదని 2025 ఏప్రిల్‌ల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా చెప్పింది. తిట్టేటోడు సర్టిఫికెట్ చూసి తిడుతడా? మందిరానికి పోయేటోని మీద తిట్టు పడ్డప్పుడు వాడు ఒంటరిగ ఠాణ మెట్లు ఎక్కకుండ సంఘం ఎంబడి ఉండాలె, మహార్ వాడ, మాల వాడ, మాదిగ వాడ అని చూడకుండ. పాస్టర్లు కూడా ఎంబడి రావాలె.

ఏప్రిల్ 14 ఊరేగింపుకు నెల ముందే ప్రతి వాడల ముగ్గురిని ఎంచుకోవాలె: పిల్లలను ఆపేటోడు ఒకడు, జరిగింది టైముతోని రాసేటోడు ఒకడు, ఠాణకు పోయేటోడు ఒకడు. ఆడోళ్లు ఉంటే ఇంకా మంచిది. వాళ్ల పేర్లు వాడల అందరికీ తెలిసి ఉండాలె.