బొమ్మల్లో మిగిలిన వైద్యం

కుప్పం నుండి పలమనేరు వెళ్ళే దారిలో శాంతిపురం ఉంది. మల్బరీ తోటలు, రాగిచేలు, కొంతదూరం పోతే ఒకవైపు కన్నడం, మరొకవైపు తమిళం వినిపించే సరిహద్దు ప్రాంతమది. అక్కడి బడిలో ఒక పిల్లవాడిని పిలిచి డాక్టరు బొమ్మ గీయమంటే ఏం గీస్తాడు? తెల్లకోటు తొడుగుతాడు. మెడలో స్టెతస్కోపు వేలాడదీస్తాడు. చేతికి మోచేయంత సిరంజి ఇస్తాడు. టెలివిజన్‌లో కార్టూన్ చిత్రాలు ఎక్కువగా చూసేవాడైతే నుదుటిమీద ఒక గుండ్రని బిళ్ళను కూడా పెడతాడు. ఆ బిళ్ళ ఏమిటని అడిగితే మాత్రం అతని దగ్గర సమాధానం ఉండదు. తన ఊరి ఆరోగ్యకేంద్రంలో ఏ వైద్యుని నుదుటా అతడు దానిని చూసి ఉండడు.

ఆ బిళ్ళ అలంకారం కాదు, పుటాకారపు అద్దం. నడుమ చిన్న రంధ్రం ఉంటుంది. రోగి తల పక్కన దీపం పెట్టి, ఆ వెలుగును అద్దంతో అతని గొంతులోకో, చెవిలోకో, ముక్కులోకో మళ్ళించేవారు. వైద్యుడు అద్దాన్ని కంటిపైకి దించుకొని ఆ రంధ్రం గుండా చూసేవాడు. వెలుగు పోయే దారిలోనే చూపు పోతుంది కనుక ఇరుకైన గొంతులోనూ నీడ పడదు. విద్యుద్దీపాలు సరిగా లేని పందొమ్మిదో శతాబ్దంలో ఇది గొప్ప ఉపాయం. 1854లో మాన్యుయెల్ గార్షియా అనే సంగీతాచార్యుడు సూర్యకాంతిని, రెండు అద్దాలను ఉపయోగించి తన స్వరపేటికను తానే చూసుకొన్నాడు. పాట ఎలా పుడుతుందో తెలుసుకోవాలన్న ఆయన కోరిక గొంతు వైద్యానికి దారి చూపింది. ఆ తరువాత నుదుటి అద్దం చెవి, ముక్కు, గొంతు వైద్యులకు నిత్యోపకరణమైంది.

కార్టూన్ చిత్రకారులు దానిని పట్టుకొన్న కారణం వేరు. రెండు గీతలలో ఒక మనిషిని వైద్యుడని చెప్పాలి. తెల్లకోటు మంగలికీ ఉంటుంది, వంటవాడికీ ఉంటుంది. నుదుటి అద్దం మరెవ్వరికీ లేదు. అందుకే గుండె వైద్యుడికైనా, పశువుల డాక్టరుకైనా దానినే తగిలించారు. ఆసుపత్రులలో విద్యుత్తుతో వెలిగే నుదుటి దీపాలు, సన్నని గొట్టపు కెమెరాలు వచ్చి దాని పని చాలామటుకు తీసుకొన్నా, బొమ్మలలో అది చెక్కుచెదరలేదు. అయితే దానిని పూర్తిగా చచ్చిన వస్తువుగా లెక్కించడమూ పొరపాటే. వైద్య కళాశాలలలో చెవి, ముక్కు, గొంతు విభాగపు విద్యార్థులు నేటికీ దీపం పక్కన కూర్చొని ఆ అద్దంతో చూడడం నేర్చుకొంటున్నారు. పాతబడిన పరికరం, పనికిరాని పరికరం ఒకటి కావు.

కార్టూన్లలో ఇటువంటి వస్తువులు ఇంకా ఉన్నాయి. జ్వరపడిన పాత్ర నెత్తిమీద మూతబిరడా ఉన్న మంచుసంచి ఉంటుంది. శాంతిపురం పిల్లవాడి ఇంట్లో అది ఎన్నడూ లేదు. జ్వరం వస్తే నుదుటిమీద తడిగుడ్డ వేయడమే అతనికి తెలుసు. తట్టు పోస్తే గడపకు వేపమండలు కట్టడం తెలుసు. 1949లో వచ్చిన ‘పోల్కా డాట్ పుస్’ అనే టామ్ అండ్ జెర్రీ చిత్రంలో ఎలుక పిల్లి ముఖానికి చుక్కలు పెట్టి, తట్టు సోకిందని నమ్మించి, తానే వైద్యుడి వేషం వేసి చికిత్స పేరిట దానిని హింసిస్తుంది. మాటలు లేకున్నా ఆ హాస్యం అందరికీ అందుతుంది. హెర్జే సృష్టించిన టిన్‌టిన్ కథలలో ప్రొఫెసర్ కాల్‌క్యులస్ చెవిబూరతో కనిపిస్తాడు. చంద్రుని మీదికి అణుశక్తి రాకెట్టును నడిపించగల శాస్త్రజ్ఞుడు వినికిడికి మాత్రం పాతకాలపు బూరను ఆశ్రయించడంలోనే హెర్జే చమత్కారముంది. తెలుగువారికి అంత సరంజామా అవసరం లేదు. చెవిటివాని ముందు శంఖమూదినట్లు అన్న ఒక్క సామెతతోనే ఆ పని జరిగిపోయింది.

ఇక ఎక్స్‌రే తెర. ఒక పాత్ర ఆ తెర వెనుక నిలబడగానే ఎముకల గూడు కనిపిస్తుంది. అటూ ఇటూ కదిలితే ఎముకలూ కదులుతాయి. మింగిన గడియారం కడుపులో టిక్కుటిక్కుమంటుంది. ఇది చిత్రకారుని కల్పన మాత్రమే కాదు. రాంట్‌జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న కొద్దికాలానికే, మెరిసే తెరమీద శరీరం లోపలి కదలికలను చూసే ఫ్లోరోస్కోపు వచ్చింది. చిత్రపటం తీయనక్కరలేదు. వైద్యుడు చీకటిగదిలో తెర ముందు కూర్చొని, రోగి ఊపిరి పీల్చి వదులుతుంటే ఊపిరితిత్తుల కదలికను కళ్ళారా చూసేవాడు.

ఈ తెర ముందు రోగులను నిలబెట్టి చూసిన వైద్య విధానం శాంతిపురానికి దూరమైనదేమీ కాదు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో పలు క్రైస్తవ మిషన్ సంఘాలు కలిసి 1915లో క్షయరోగ శానిటోరియాన్ని తెరిచాయి. డెన్మార్కుకు చెందిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమట్ మొల్లర్ దానికి తొలి అధిపతి. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ప్రదేశపు పొడిగాలి, నిశ్శబ్దం, విశ్రాంతి, బలవర్ధకమైన ఆహారం, ఇవే నాటి మందులు. క్షయకు మాత్ర లేని కాలమది. స్ట్రెప్టోమైసిన్ 1943లోగాని బయటపడలేదు.

అయితే విశ్రాంతి ఒక్కటే చాలని అప్పటి వైద్యులు అనుకోలేదు. జబ్బుపడిన ఊపిరితిత్తికే విశ్రాంతినివ్వాలనుకొన్నారు. విరిగిన చేతికి కట్టు కట్టినట్లు ఊపిరితిత్తికి కట్టు కట్టడం ఎలా? ఇటలీ వైద్యుడు కార్లో ఫోర్లానినీ పందొమ్మిదో శతాబ్దం చివర ఒక మార్గం చూపాడు. పక్కటెముకల నడుమ సూది గుచ్చి, ఛాతీగోడకూ ఊపిరితిత్తికీ మధ్యకు గాలిని పంపితే ఊపిరితిత్తి ముడుచుకొని కదలిక మానుతుంది. పుండు మానడానికి వీలు కలుగుతుంది. దీనిని కృత్రిమ న్యూమోథొరాక్స్ అన్నారు. నీరు నింపిన రెండు సీసాలు, రబ్బరు గొట్టాలు, పీడనాన్ని చూపే కొలమానం, ఒక సూది, అదే దాని పరికరం. ఆరోగ్యవరంలోనూ ఈ చికిత్స జరిగింది. పంపిన గాలి శరీరంలో ఇంకిపోతుంది కనుక కొన్ని రోజులకో, వారాలకో మళ్ళీ నింపాలి. ఇలా రెండు మూడేళ్ళు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువకాలం సాగేది. గాలి ఎంత నిలిచిందో తెలుసుకోవడానికి రోగిని మాటిమాటికీ ఎక్స్‌రే తెర ముందు నిలబెట్టేవారు.

ఆ పద్ధతికి ఒక మూల్యం ఉందని తరువాత తెలిసింది. కెనడాలోని నోవాస్కోషియాలో ఇదే చికిత్స పొంది, పదేపదే ఫ్లోరోస్కోపు ముందు నిలిచిన స్త్రీలలో రొమ్ము క్యాన్సరు అధికంగా వచ్చినట్లు మెకెంజీ అనే వైద్యుడు 1965లో ప్రకటించాడు. తెరమీద ఎముకలు నాట్యమాడితే నవ్వే ప్రేక్షకుడికి ఈ సంగతి తెలియదు. తెలియాలన్న నిర్బంధమూ లేదు. కాని పాతకాలపు వైద్యం మోటుదని, నాటి వైద్యులు అజ్ఞానులని ఆ నవ్వు నుండి తీర్పు చెప్పేవారికి మాత్రం తెలిసి ఉండాలి. చేతిలో మరో ఆయుధం లేనప్పుడు వారు ఉన్నదానితో పోరాడారు. మేలు చేశారు, కొంత కీడూ చేశారు. ఆ రెండూ కలిసినదే వైద్యచరిత్ర.

శానిటోరియాన్ని కూడా పాత పరికరాల జాబితాలోకి నెట్టినది తెలుగు నేలకు పొరుగునే జరిగిన ఒక పరిశోధన. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. పేద రోగులలో కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరిని వారి ఇళ్ళలోనే ఉంచి, ఒకే మందులు ఇచ్చి చూశారు. ఇంటి దగ్గర ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినా 1959లో వెలువడిన ఫలితాలలో రెండు వర్గాలవారికీ దాదాపు ఒకే విధంగా నయమైనట్లు తేలింది. కొండగాలికి ఉన్న ప్రతిష్ఠ అక్కడితో సడలింది. మందు క్రమంగా వాడడమే ముఖ్యమైంది. ఆరోగ్యవరం సంస్థ మూతపడలేదు. కాలానికి తగినట్లు మారి సాధారణ వైద్యసేవల కేంద్రంగా కొనసాగింది. అంతకుముందే, 1948లో, భారతదేశంలో బి.సి.జి. టీకాను తొలిగా ఆరంభించిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఈ ప్రాంతపు విద్యార్థులకు ఠాగూరు 1919లో మదనపల్లెకు వచ్చిన సంగతి పాఠాలలో ఉంటుంది. టీకా సంగతి అంతగా వినిపించదు. రెండోది కూడా పాఠాలలో ఉండదగినదే.

పాత పరికరాలను పిల్లల కార్టూన్లలో నుండి తొలగించాలనే వాదన అప్పుడప్పుడు వినవస్తుంది. అవి తప్పుడు జ్ఞానాన్నిస్తాయని దాని సారాంశం. ఇది అంగీకరించదగినది కాదు. ఎద్దులబండి కనుమరుగైందని కథలలో నుండి ఎద్దులబండిని తీసివేయరు. పైగా కార్టూన్ ఆరోగ్యబోధకు శత్రువు కూడా కాదు. 1943లో డిస్నీ సంస్థ ‘ది వింగ్డ్ స్కర్జ్’ అనే చిత్రంలో ఏడుగురు మరుగుజ్జులచేత దోమలపై యుద్ధం చేయించింది. 1945లో క్షయ మీదనే మరొక చిత్రం నిర్మించింది. అవి లాటిన్ అమెరికా పల్లెల కోసం తీసినవి. నిరక్షరాస్యుడికి అర్థమయ్యేటట్లు గీయగల శక్తి కార్టూన్‌కు ఉందని ఆ ప్రయత్నమే చెబుతోంది.

చిక్కు మరొకచోట ఉంది. హాస్యం కోసం పుట్టిన గుర్తులు హాస్యం దాటి నిజజీవితంలోకి ప్రవేశించినప్పుడు హాని మొదలవుతుంది. స్టెతస్కోపు సంగతే చూడవచ్చు. 1816లో పారిస్ వైద్యుడు లేనెక్ ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి సంకోచించి, కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. ఆ తరువాత దానిని కొయ్యతో చేయించాడు. పదేళ్ళకు, 1826లో, ఆయన క్షయతోనే మరణించాడు. వినడానికి పుట్టిన ఆ గొట్టం బొమ్మలలో మెడపట్టీగా మిగిలింది. పల్లెలలోనూ కొన్నిచోట్ల అంతే. ఏ పట్టా లేని మనిషి ఒక స్టెతస్కోపు మెడలో వేసుకొని, ఒక సంచి పట్టుకొని వస్తే చాలు, జనం అతనిని నమ్ముతారు. అతడు ఛాతీ విన్నాడా లేదా అని చూడరు. సూది వేశాడా లేదా అని చూస్తారు. సూది వేయని వాడు వైద్యుడే కాడనే భావం బలంగా నాటుకొంది. మాత్రతో పోయే జ్వరానికి సూది అడగడం, అడిగారని వేయడం, రెండూ అక్కడినుండే వచ్చాయి. గాజు సిరంజిని మరిగించి పదిమందికి వాడిన రోజులలో, సరిగా మరిగించని చోట కామెర్లు ఒకరినుండి మరొకరికి పాకేవి. నేడు ఒక్కసారి వాడి పారవేసే సిరంజి వచ్చింది. బొమ్మలో మాత్రం ఆ పెద్ద గాజు సిరంజే ఉంది. దానిని చూసి పెరిగిన పిల్లలు టీకా వేసే రోజున బడి గోడ దూకి పారిపోతే ఆశ్చర్యపడవలసింది లేదు.

థర్మామీటరుది ఇంకొక రకం. కార్టూన్‌లో కోపమో జ్వరమో పెరిగి ఎర్రని గీత పైకెక్కి గొట్టం పగులుతుంది, అందరూ నవ్వుతారు. ఇంట్లో నిజంగా పగిలితే బయటపడేది పాదరసం. వెండిముత్యాల్లా దొర్లే ఆ బిందువులను పిల్లలు అరచేతిలో పెట్టుకొని ఆడుకొంటారు. పెద్దలు చీపురుతో ఊడుస్తారు. చీపురు వాటిని ఇంకా చిన్న బిందువులుగా చెదరగొడుతుంది. కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, గట్టికాగితంతో ఒకచోటికి తోసి మూతగల సీసాలోకి ఎత్తడం మంచిది. పాదరసపు వాడకాన్ని తగ్గించడానికి 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది. భారతదేశం 2018లో దానిని ఆమోదించింది. ఒక కార్టూన్ హాస్యం వెనుక అంతర్జాతీయ ఒప్పందమొకటి ఉందంటే వింతగానే ఉంటుంది.

కనుక దిద్దవలసినవి పాత కార్టూన్లు కావు. ఆరోగ్యకేంద్రపు గోడమీది చిత్రాలు, చిన్న తరగతుల వాచకాలలోని బొమ్మలు, టీకా ప్రచారపు కరపత్రాలు దిద్దుకోవాలి. నవ్వించడానికి గీసినవాడికి స్వేచ్ఛ ఉంది, నేర్పడానికి గీసేవాడికి బాధ్యత ఉంది. టీకా కరపత్రంలో మోచేయంత సిరంజి గీసి పిల్లలు ముందుకు రావడంలేదని వాపోతే లాభంలేదు. క్షయ ప్రచారచిత్రంలో వైద్యుడు ఛాతీమీద గొట్టం పెట్టిన బొమ్మకంటె, రెండు వారాలు దగ్గిన మనిషి కళ్ళె పరీక్షకు చిన్న డబ్బాతో వరుసలో నిలిచిన బొమ్మ ఎక్కువ మేలు చేస్తుంది. ఆ కళ్ళెను పరీక్షించే నేటి యంత్రం సుమారు రెండు గంటలలో ఫలితం చెబుతుంది. చూడడానికి అదొక మామూలు పెట్టె. నవ్వించే ఆకారం దానికి లేదు. చిత్రకారులకు అది నచ్చకపోవచ్చు.

శాంతిపురం పిల్లవాడి పలకమీద గుండ్రని బిళ్ళ అలాగే ఉంది. దానిని చెరిపివేయమని ఉపాధ్యాయుడు చెప్పనవసరం లేదు. వృత్తం నడుమ ఒక చిన్న చుక్క పెట్టమంటే చాలు. ఎందుకని పిల్లవాడు అడుగుతాడు. పాఠం అక్కడినుండి మొదలుపెట్టవచ్చు.