కలుపులో తీయవలసినది, తీయరానిది

తొలకరి పడింది. కొరాపుట్ కొండలమీద చోళ్ళు మొలకెత్తాయి, జయపురం పల్లాలలో ఆకుమళ్ళు పచ్చబడ్డాయి. వాటితోపాటు ఎవరూ విత్తనివి కూడా మొలిచాయి. ‘కలుపు తీయని మడి, దేవుడు లేని గుడి’ అన్నారు పెద్దలు. మన కుటుంబాలలో చాలమంది నాగలి విడిచి రెండు మూడు తరాలయింది. అయినా పెరడు లేని ఇల్లు మనలో అరుదు. కౌలుకిచ్చిన చెక్క భూమి ఉన్నవారూ లేకపోలేదు. అందుచేత ఈ మాసం కలుపు సంగతి ముచ్చటించుకుందాము.

పైరుకు పెట్టిన ఎరువు, పారించిన నీరు, పడే ఎండ, ఈ మూడింటిలోనూ కలుపు వాటా అడుగుతుంది. వరి నాటిన మొదటి నెల, నెలన్నరలో తీయకపోతే తర్వాత ఎంత తీసినా పోయిన గింజ తిరిగి రాదు. ఊదగడ్డి చిన్నతనంలో అచ్చం వరిలాగే ఉండి కళ్ళు కప్పుతుంది. ఒరియావారు బాళుంగా అని, మనవారు నివ్వరి అని పిలిచే అడవి వరి మరీ జాణ. అది కోతకు ముందే గింజ రాల్చుకొని మరుసటి ఏడు మళ్ళీ మొలుస్తుంది.

అయితే కలుపంతా ఒక్క జాతి కాదు. ఆ నివ్వరి వరికి దగ్గర చుట్టం. కొత్త వంగడాలు తీసే శాస్త్రజ్ఞులు అటువంటి అడవి రకాలను వెదకి భద్రపరుస్తారు. 1955-59 మధ్య జయపురం ప్రాంతంలో జరిగిన అన్వేషణలో 1,700కు పైగా వరి నమూనాలు దొరికాయి. 2012లో కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఇక చేలలో తమంతట మొలిచే పొన్నగంటి, గలిజేరు, గునుగు మాటేమిటి? కొండలలోని కోంధు స్త్రీలు కలుపు తీస్తూనే కూర ఏరుకుంటారు. వారికి అది పూటకు సరిపడే ఆకుకూర.

నిజంగా భయపడవలసినవి వేరే ఉన్నాయి. అవి సముద్రాలు దాటి వచ్చినవి, అదీ మనుషుల చేతులమీదుగానే. రంగురంగుల గుత్తులు పూసే పులికంపను, అంటే లాంటానాను, 1809 ప్రాంతంలో కలకత్తా తోటకు అందం కోసం తెచ్చారు. ఈనాడు అడవి అంచులలో గడ్డిని మొలవనీయక, గుగ్గిలపు మొక్కలను ఎదగనీయక పొదలై అల్లుకుపోయింది. మేత కరువై పశువులు దాని ఆకు తింటే కాలేయం చెడి, ఎండకు చర్మం పుండ్లు పడుతుంది. గుర్రపుడెక్క కూడా పువ్వు అందానికే పందొమ్మిదవ శతాబ్దం చివర వచ్చింది. చెరువును కప్పివేసి చేపకు ఊపిరి, పొలానికి నీరు అందనీయదు, దోమకు మాత్రం చోటిస్తుంది. మూడవది వయ్యారిభామ. దీనినే కాంగ్రెసు గడ్డి అని కూడా అంటారు. దీనిని 1955లో పుణె దగ్గర గుర్తించారు. అమెరికా గోధుమలతో వచ్చిందని చాలమంది అభిప్రాయం. ఒక్క మొక్క పదివేలకు పైగా గింజలు రాల్చగలదు. తగిలితే దద్దురు, దురద; పుప్పొడి పీలిస్తే కొందరికి ఉబ్బసం. రైలుకట్టల వెంట, ఖాళీ స్థలాలలో, బడి ఆవరణలలో పెరిగేది ఇదే.

వీటిని తుదముట్టించడానికి సులభమైన దారి ఉన్నదని దుకాణంలో సీసా చూపిస్తారు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. గ్లైఫోసేట్ అనే మందు తగిలిన పచ్చని మొక్కనల్లా చంపుతుంది. కలుపేది, కంది ఏది, గలిజేరు ఏది అని అడగదు. దానికి చావని ప్రత్తి విత్తనాన్ని మన దేశంలో సాగుకు అనుమతించలేదు. అయినా 2017-18లో కేంద్రం నియమించిన సంఘం ఆంధ్ర, తెలంగాణ మొదలైన రాష్ట్రాల పొలాలలో దానిని కనుగొన్నది. రాయగడ జిల్లాలో కూడా ఆ విత్తనం, ఆ మందు జంటగా చేరినట్లు 2019లో పత్రికలవారు తిరిగి చూసి వ్రాశారు. చోళ్ళు, కంది, సామ కలిపి చల్లే చెక్కల మధ్య ప్రత్తి ఒక్కటే వేసి ఈ మందు కొడితే, ఆ చెక్కలో ఆకుకూర ఉండదు. గాలి తిరిగితే ప్రక్కవాడి కందీ మాడుతుంది.

మందు కొట్టే రైతును మేము తప్పు పట్టము. కలుపు కూలి భారం, మనుషులు దొరకని చిక్కు ఆయనకు తెలిసినంతగా మనకు తెలియవు. వంగి వంగి నడుము విరిగే పని స్త్రీలదే కాబట్టి అది తేలిక కావాలని కోరడమూ న్యాయమే. వరుసల మధ్య త్రోసే కలుపు చక్రం వంటి పనిముట్లు అందుకు ఉన్నాయి. మందు సంగతికి వస్తే, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సరు పరిశోధనా శాఖ దానిని బహుశా క్యాన్సరు కలిగించేదిగా లెక్కకట్టింది. అమెరికా అధికారులు అందుకు ఒప్పుకోలేదు. 2022 అక్టోబరులో మన కేంద్ర ప్రభుత్వం లైసెన్సు గల తెగుళ్ళ నివారకులు తప్ప ఇతరులు వాడరాదని ఉత్తరువు చేసింది.

మరి మనం చేయగలిగినదేమిటి? వయ్యారిభామను పూతకు ముందే, నేల తడిగా ఉండగా, చేతులకు తొడుగు వేసుకొని వేరుతో పీకాలి. ఉబ్బసం, దురద ఉన్నవారు ఆ పనికి పోరాదు. పూయని మొక్కను ఎరువు గుంటలో వేయవచ్చు. పీకిన చోట తగిరిస గాని బంతి గాని చల్లితే అది మళ్ళీ తలెత్తడం తగ్గుతుంది. 1984లో బెంగుళూరులో విడిచిన మెక్సికో పెంకుపురుగు దాని ఆకునే తింటుంది; ఆ పురుగు కనిపిస్తే చంపకండి. జబల్పూరులోని కలుపు పరిశోధనా సంస్థ ఏటా ఆగస్టులో వయ్యారిభామ నివారణ వారం జరిపిస్తుంది. మన పిల్లల బడులలోనూ ఆ వారం జరిపించవచ్చు. పులికంపను కొమ్మ నరికితే రెట్టింపై చిగురిస్తుంది, వేరు మొదలు నుంచి తీయాలి. కర్ణాటకలో మలె మహదేశ్వర కొండల సోలిగలు దాని కర్రతో కుర్చీలు, బుట్టలు చేస్తున్నారు. గుర్రపుడెక్కను తొట్టిలో పెంచే సరదా ఉంటే మానుకోండి, ఉన్నదానిని చెరువులో మాత్రం వేయకండి.

చివరి మాట మనలో విత్తనాలు, మందులు అమ్మే సోదరులకు. సరిహద్దు ఇవతల మీ దుకాణానికి వచ్చే రైతుకు తరచు చదువు రాదు, సీసా మీది అక్షరాలు ఆయన భాషలో ఉండవు. ఆయన మీ మాట నమ్మే కొంటాడు. అనుమతి లేని విత్తనం అమ్మబోమనీ, మందు ప్రక్క చేనుకు ఏమి చేస్తుందో ఒరియాలోనో కుయిలోనో విప్పి చెబుతామనీ ఈ వర్షాలలో మీరు నిశ్చయించుకోవాలని మా కోరిక. తరతరాలుగా ఈ నేల మనకు అన్నం పెట్టింది. ఆమాత్రం మనం చేయగలము.