పక్క రాష్ట్రం కూలి చూపించి మన కూలి కోస్తున్నారు

స్వచ్ఛంద సంస్థల శిక్షణా శిబిరాల్లో ఒక పట్టిక తరచుగా కనిపిస్తుంది. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ దేశాల్లో కనీస వేతనం ఎంతో డాలర్లలో లెక్కగట్టి పక్కపక్కన వేస్తారు. మనం ఫలానా దేశం కంటే నయమనో, ఫలానా దేశం కంటే వెనకబడ్డామనో ఒక మాట అనుకుని టీకి లేస్తారు. పార్వతీపురం మన్యంలో స్త్రీల కూలి తగాదాల్లో తిరిగే నాకు ఆ పట్టికను చూస్తే కోపం వస్తుంది. పోల్చడం తప్పని కాదు. ఎవరు పోలుస్తున్నారు, పోల్చి కూలిని పైకి లాగుతున్నారా కిందికి లాగుతున్నారా అన్న సంగతి అందులో ఉండదు.

అసలు దేశాలు దాటక్కర్లేదు. కొమరాడ, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల అవతల రాయగడ జిల్లా. సాలూరు ఘాటీ ఎక్కితే కోరాపుట్. సవర, జాతాపు, కొండదొర, గదబ కుటుంబాలకు చుట్టరికాలు ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి. వారపు సంతకి ఇద్దరూ వస్తారు, ఒకే ధరకి ఉప్పూ నూనే కొంటారు. శ్రమ దగ్గరకొచ్చేసరికి ధర మారిపోతుంది. 2024-25లో ఉపాధి హామీ రోజు కూలి ఆంధ్రలో 300 రూపాయలు, ఒడిశాలో 254. కొటియా గ్రామాలనైతే రెండు రాష్ట్రాలూ మావంటే మావని 1968 నుంచి కోర్టుల్లో కొట్లాడుకుంటున్నాయి. అక్కడి వాళ్ళ దగ్గర రెండు ప్రభుత్వాల కార్డులూ ఉంటాయి. ఒకే ఊళ్ళో, ఒకే మట్టి తవ్విన ఒకే మనిషికి, ఏ ప్రభుత్వం పని పెట్టిందన్నదాన్నిబట్టి 2024-25లో 46 రూపాయల తేడా!

ఈ తేడా కొండలతో పుట్టింది కాదు. 2011 జనవరిలో కేంద్రం ప్రకటించిన రేట్లలో ఒడిశాది 125, మనది 121. అప్పుడు మనమే నాలుగు రూపాయలు తక్కువ. ఆ తరువాత ఏటా వ్యవసాయ కార్మికుల ధరల సూచీని పట్టుకుని రాష్ట్రానికో రకంగా పెంచుకుంటూ పోయారు. ఆ సూచీలో దేనికెంత విలువ ఇవ్వాలో 1983 నాటి వినియోగ సర్వే తేల్చింది. ఆనాటి కూలి మనిషి ఇంటి ఖర్చులో సెల్ ఫోన్ రీఛార్జి లేదు, పిల్లల ప్రైవేటు బడి ఫీజు లేదు. నలభై ఏళ్ళ కిందటి గంజికుండ ముందు పెట్టుకుని మన్యం స్త్రీ ఇవాళ ఎంతలో బతకగలదో ఢిల్లీలో నిర్ణయించారు.

ఇంతకంటే అన్యాయం ఇంకొకటుంది. ఒడిశా ప్రభుత్వం 2024లో నైపుణ్యం అక్కర్లేని పనికి కనీస వేతనం 450 రూపాయలని ప్రకటించింది. ఆ ఏడాదే అక్కడ ఉపాధి పనికి వెళ్ళిన స్త్రీకి 254. ప్రైవేటు యజమాని ఇంత తక్కువ ఇస్తే నేరం, ప్రభుత్వమే ఇస్తే పథకం! ఉపాధి హామీ చట్టంలోని 6(1) సెక్షన్ కనీస వేతనాల చట్టంతో నిమిత్తం లేకుండా కూలి నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది. రాజస్థాన్‌లో కరువు పనుల కింద రోడ్డు వేసిన స్త్రీల కేసులో, కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునేది వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. కూలి రేటును స్తంభింపజేసిన కేంద్ర ఉత్తర్వును మన హైకోర్టు 2009లో నిలిపివేసింది. కనీస వేతనం ఇవ్వాల్సిందేనని కర్ణాటక హైకోర్టు 2011లో అంటే, ఆ తీర్పుపై స్టే ఇవ్వడానికి 2012లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తీర్పులన్నీ మనవైపే ఉన్నాయి. డబ్బు మాత్రం రాలేదు.

ఇక 300 రూపాయల సంగతి. పక్క రాష్ట్రం కంటే నయం కదా అనేవాళ్ళు ఒక్కసారి పని దగ్గరకి రావాలి. ఆ 300 నిర్దేశించిన కొలత పూర్తిచేస్తేనే. బృందం తవ్విన గుంతల్ని కొలిచి, మట్టి రకాన్నిబట్టి, ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకి ఎక్కించారు అన్నదాన్నిబట్టి లెక్కగట్టి తలా ఇంతని పంచుతారు. కొండవాలున రాయి కలిసిన గట్టినేలని లెక్కలో మెత్తమట్టిగా రాస్తే కూలి అక్కడే సగం తెగిపోతుంది. మగవాడు గునపం వేస్తాడు, ఆడమనిషి తట్ట మోస్తుంది, ఇద్దరూ కలిస్తేనే కొలత తేలుతుంది. భర్త లేని స్త్రీని, ముసలామెను, బాలింతను బృందంలో చేర్చుకోవడానికి తోటి కూలీలే వెనకాడతారు, కొలత తగ్గుతుందని. వాళ్ళని తిట్టి లాభం లేదు, కొలత వాళ్ళనలా చేసింది. ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకీ కూలి ఇవ్వాలని ఆ చట్టమే చెప్పింది. నేను చూసిన చోట్ల ఆ పిల్లలు చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల్లో ఉన్నారు, లేకపోతే అక్క చంకలో ఉన్నారు. 2023 జనవరి నుంచి పూటకో ఫొటో సెల్ ఫోన్‌లో ఎక్కించాలన్నారు. కొండమీద సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే చేసిన పని చేయనట్టే. పట్టికలో ఒక రేటు కనిపిస్తుంది, స్త్రీ చేతికి మరొకటి వస్తుంది. పోల్చవలసింది రెండోదాన్ని.

సరిహద్దు తేడా ఎక్కువగా ఉపయోగపడేది మేస్త్రీలకీ కాంట్రాక్టర్లకీ. నాట్లకీ పత్తి ఏరడానికీ అవతలి ఊళ్ళ నుంచి ఆడవాళ్ళని ఆటోల్లో తెస్తారు. ఇవతల కూలి పెంచమంటే వాళ్ళని చూపిస్తారు. “ఆల్లొచ్చి మా కూలి సెడగొడతన్నారమ్మా” అని మన స్త్రీలే నాతో చాలాసార్లు అన్నారు. చెడగొడుతున్నది వాళ్ళు కాదు. అవతల ప్రభుత్వమే 2024-25లో 254 కి పని చేయించుకుందంటే, ఇవతలి ఆసామి ఇచ్చే ఇరవై రూపాయల ఎక్కువ కోసం ఆమె కొండ దిగుతుంది. ఆమె కూలి పెరగకుండా మన కూలి నిలబడదు. అందుకే ఒడిశా స్త్రీలను రానివ్వకూడదనే తీర్మానం ఏ ఊళ్ళో వచ్చినా నేను వ్యతిరేకిస్తాను, సంఘం నాతో తగువుపడినా సరే.

పోల్చడమంటే ఏమిటో అంగన్‌వాడీ స్త్రీలు చూపించారు. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో వాళ్ళు సమ్మెకి దిగేనాటికి కార్యకర్తకు ఇక్కడ 11,500 రూపాయలు, తెలంగాణలో 13,650. తెలంగాణ కంటే ఎక్కువ ఇస్తామన్న హామీ ఏమైందని వాళ్ళు రోడ్డెక్కి అడిగారు. ప్రభుత్వం 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించింది. దానికి గౌరవ వేతనమని పేరు! వేతనమంటే చట్టం వర్తిస్తుంది, గౌరవమైతే వర్తించదు, ఎస్మా మాత్రం వర్తిస్తుంది. అయినా 42 రోజులు నిలబడ్డారు. పొరుగు రాష్ట్రంలో ఎక్కువున్నదాన్ని చూపించి అడగడం పోరాటమవుతుంది, తక్కువున్నదాన్ని చూపించి నోరు మూయించడం దోపిడీ అవుతుంది. పట్టిక రెండింటికీ ఒకటే.

బంగ్లాదేశ్ పేరెత్తాను కనుక ఒక్క మాట. అక్కడి తేయాకు తోటల కూలీలు 2022 ఆగస్టులో రోజుకి 120 టాకాలు చాలవని, 300 కావాలని సమ్మె చేస్తే 170 చేశారు. ఆ తోటల్లో బ్రిటిషువాళ్ళు తీసుకుపోయిన తెలుగు, ఒడియా కూలీల సంతతి వాళ్ళున్నారు. డాలర్ల పట్టికలో వాళ్ళు ‘పొరుగు దేశం’.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. వంద రోజులను 125 చేశామంటున్నారు, ఖర్చులో 40 శాతం మనలాంటి రాష్ట్రాల నెత్తిన పెట్టారు, కూలి రేటు నిర్ణయించే అధికారం మాత్రం కేంద్రం చేతిలోనే ఉంచుకున్నారు. వలసలు ఎక్కువని బొలంగీర్, బర్గఢ్, కలహండి, నువాపడా జిల్లాల్లోని 20 బ్లాకుల్లో ఉపాధి కూలికి ఒడిశా తన డబ్బు కలిపి రాష్ట్ర కనీస వేతనం దాకా తెచ్చిన సంగతి మనవాళ్ళు గుర్తుంచుకోవాలి. ఇది రాయగడకి, కోరాపుట్‌కి ఎందుకు వద్దో అవతలి సంఘాలు అడగాలి. ఇవతల మనం ఐ.టి.డి.ఎ. ముందు కూర్చుని రేటు గురించే కాక కొలత పుస్తకం గురించి అడగాలి. ఏ మట్టి అని రాశారు, ఎవరు కొలిచారు, ఒంటరి స్త్రీకి ఎంత పడింది? కొమరాడలో ఒక బృందం, కొండ అవతల ఒక బృందం తీసుకుని, ఒక వారం కూలి స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆ పట్టికని శిబిరాల్లో పంచుదాం.